చీరలన్నీ ఉన్నాయి, జాకెట్లే పట్టడం లేదు

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. విజయనగరంలో ఉంటాం. చీపురుపల్లిలో ఒక బ్యాంకు శాఖలో కౌంటరు పని. డిసెంబరు చివర్లో సిజేరియన్‌తో బాబు పుట్టాడు. జూన్ మూడో వారంలో తిరిగి చేరాలి. బీరువా తెరిస్తే ఏడుపొస్తోంది. పాతిక చీరలున్నా ఒక్క జాకెట్టుకీ హుక్సు పడటం లేదు. చుడీదార్లు ఛాతీ దగ్గర బిగుసుకుపోతున్నాయి. బాబుకి పాలు పడుతున్నాను, మధ్యాహ్నానికల్లా ముందుభాగం తడిసిపోతుంది. జుట్టు పిడికిళ్లతో ఊడుతోంది, కణతల దగ్గర మాడు కనబడుతోంది. భుజాల దాకా కత్తిరించేద్దామంటే మా అత్తమ్మ ‘గుంటడికి సింహాచలం అప్పన్న దగ్గర పుట్టెంట్రుకలు తీసేదాకా నీ తలకి కత్తెర తగలకూడదు’ అంటున్నారు. పార్లర్‌లో అడిగితే స్మూతెనింగ్ చేయించుకోమన్నారు. చేతిలో ఎనిమిది వేలు పెట్టుకున్నాను. దేనికి ఖర్చు పెట్టాలి? – ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ఆ ఎనిమిది వేలలో చీరలకు ఒక్క రూపాయి కూడా పెట్టకండి. మీకు చీరల కొరత లేదు. కొలతల తేడా వచ్చింది, ఆ కొలతలు కూడా ఇప్పుడున్నట్టే ఉండిపోవు. బాబుకి ఆరో నెల దాటి అన్నం, పప్పుకట్టు అలవాటైతే పాలు తాగే సార్లు తగ్గుతాయి, ఛాతీ కొలత ఒకసారి మారుతుంది. పాలు పూర్తిగా మాన్పించాక మళ్లీ మారుతుంది. అందుకని ఇప్పుడు కుట్టించేవి, విప్పించేవి అన్నీ సంక్రాంతి దాకా పనికొస్తే చాలనుకుని లెక్క వేసుకోండి. పెళ్లినాటి కొలతలకు తిరిగొచ్చాక వేసుకుందామని బిగుతువి కొనుక్కోవడం, ఇక ఇంతేలే అని బీరువా మొత్తం మార్చేయడం, రెండూ డబ్బు దండగ.

ముందుగా కొనాల్సింది లోపలి బట్టలు. చాలామంది దర్జీ దగ్గరికి పాత బ్రాతోనే వెళ్లి కొలతలిచ్చేస్తారు. తర్వాత పాలిచ్చే బ్రా, దాని లోపల కారే పాలు పీల్చుకునే ప్యాడు వేసుకునేసరికి కొత్త జాకెట్టు కూడా బిగుసుకుంటుంది. దర్జీది తప్పనుకుంటాం గానీ అది క్రమం తప్పడం వల్ల జరిగేది. పాలిచ్చే బ్రాలు మూడు తీసుకోండి: ఒకటి ఒంటిమీద, ఒకటి ఉతుకులో, ఒకటి ఆరుతూ. వానాకాలం మొదలైతే మన దగ్గర రెండు సరిపోవు, ఆరవు.

కొలత తీసుకునేటప్పుడు బాబు పాలు తాగిన గంట తర్వాత తీసుకోండి. నిండుగా ఉన్నప్పుడు తీస్తే ఎక్కువ వస్తుంది, తాగిన వెంటనే తీస్తే తక్కువ వస్తుంది. టేపు రొమ్ముల కింద పక్కటెముకల చుట్టూ ఆనేలా పట్టి చూడండి. 33 అంగుళాలొస్తే 34 సైజు. తర్వాత ఛాతీ ఎత్తున్న చోట చుట్టుకొలత తీసి, దాన్లోంచి ఆ సైజు తీసేయండి. రెండు అంగుళాల తేడాకి బి, మూడుకి సి, నాలుగుకి డి కప్పు. కంపెనీని బట్టి కొంచెం అటూఇటూ అవుతుంది కాబట్టి లోపల ప్యాడు పెట్టి వేసుకు చూడటమే చివరి మాట. వెనక హుక్సుల్లో అన్నిటికన్నా వదులైన వరసకి సరిపోయేది కొనండి. పక్కటెముకలు ముందుముందు కొంచెం సర్దుకుంటాయి, అప్పుడు లోపలి వరసకి మారొచ్చు. తీగ ఉన్న బ్రాలు వద్దు. తీగ ఒకేచోట నొక్కితే అక్కడ పాలు గడ్డకట్టినట్టయి నొప్పి, జ్వరం దాకా పోవచ్చు. బిగుతు జాకెట్టుతోనూ అదే ఇబ్బంది. ఎలాగో హుక్సు పెట్టేసి ఊపిరి బిగబట్టుకుని పొద్దంతా గడపడం అందుకే మంచిది కాదు.

ఇక జాకెట్లు. పాతిక చీరల్లో మీరు డ్యూటీకి ఎక్కువగా కట్టేవి ఏడెనిమిదే ఉంటాయి. వాటి జాకెట్లు మాత్రం బయటికి తీయండి. కొత్త బ్రా, ప్యాడు వేసుకుని ఒక్కొక్కటీ తొడిగి చూడండి. హుక్సు పట్టీకి, కాజా పట్టీకి మధ్య ఎంత ఖాళీ మిగులుతోందో స్కేలుతో కొలిచి చీటీ మీద రాసి పిన్ను పెట్టండి. దర్జీకి ‘కొంచెం లూజు చెయ్యండి’ అని చెప్పడం కన్నా ‘రెండంగుళాలు కావాలి’ అని చెప్పడం వేరు. ఎక్కడ పట్టేస్తోందో కూడా చూసుకోండి. హుక్సుల దగ్గర్నుంచి పక్కలకు ముడతలు లాగితే ఛాతీ చాలడం లేదు. చెయ్యి ఎత్తితే చంక కింద కోసుకుంటోందంటే చేతిచుట్టు చాలడం లేదు. కింది పట్టీ పైకి ఎక్కి కూర్చుంటోందంటే పట్టీ చుట్టుకొలత తక్కువైంది. ఈ మూడూ వేర్వేరు మరమ్మతులు.

రెండంగుళాల దాకా ఖాళీ ఉంటే పక్క కుట్లు విప్పిస్తే చాలు. లెక్క ఇదీ: ఒక పక్క కుట్టు అరంగుళం బయటికి జరిపితే ముందు ముక్కలో అరంగుళం, వెనక ముక్కలో అరంగుళం కలుస్తాయి. రెండు పక్కలా జరిపితే మొత్తం రెండంగుళాలు. కాబట్టి లోపల అరంగుళానికి కాస్త పైన బట్ట మిగిలి ఉంటే మీ పని అయిపోతుంది. జాకెట్టు తిరగేసి పక్క కుట్టు దగ్గర ఎంత బట్ట మడిచి ఉందో ఇంట్లోనే చూసుకోవచ్చు. ఒకటి మాత్రం దర్జీకి గట్టిగా చెప్పండి: పక్క కుట్టుతో పాటు చంకలోంచి చేతి కుట్టు దాకా ఒకే గీతలో విప్పాలి. ఛాతీ వదులు చేసి చేతిని పాత కుట్టు దగ్గరే వదిలేస్తే చంకలో ముడి పడ్డట్టు ఉబ్బుతుంది, చెయ్యి ఎత్తి పైఅరలో లెడ్జరు తీయలేరు. లైనింగు ఉంటే పై బట్టను, లైనింగును రెండిటినీ విప్పాలి. పై బట్ట ఒక్కటే వదులు చేస్తే లోపల లైనింగు పిగులుతుంది.

ఖాళీ రెండు నుంచి నాలుగంగుళాల మధ్య ఉంటే పక్కల్లో వచ్చినంత వదిలి, మిగతాది ముందు హుక్సు పట్టీకి అదనపు పట్టీ కలిపి సర్దాలి. ఇది పమిట కిందకు పోతుంది కాబట్టి రంగు ఒక వాసి తేడా ఉన్నా కనబడదు. చంక కింద పొడవాటి ముక్క వేయడం ఇంకో దారి. పట్టు జాకెట్టుకైతే వద్దనే చెబుతాను. పాత కుట్టు విప్పిన చోట సూది రంధ్రాలు వరసగా కనబడతాయి, ఎండ తగలని బట్ట ముదురు గీతలా ఉంటుంది. కాటన్‌కి రెండు ఉతుకుల్లో ఈ తేడా తగ్గుతుంది, పట్టుకి తగ్గదు. నాలుగంగుళాలు మించితే ఆ జాకెట్టును ఇప్పటికి మడతపెట్టి పక్కన పెట్టండి, సాగదీసి పాడుచేయకండి. ఛాతీ కోసమని కొందరు దర్జీలు ముందున్న డాట్లు విప్పేస్తారు. వెడల్పు వస్తుంది నిజమే, ఆకారం పోయి జాకెట్టు సంచిలా వేలాడుతుంది. డాట్లు ముట్టుకోవద్దనండి. అలాగే విప్పాక మిగిలిన బట్టను కత్తిరించి ఓవర్‌లాక్ చేసేయొద్దనీ చెప్పండి. వచ్చే సంక్రాంతికి లోపలికి పట్టించుకోవాలంటే అది ఉండాలి.

ఇలా నాలుగు జాకెట్లు గట్టెక్కితే రెండు కొత్తవి చాలు. ఒక్కో చీరకి ఒక్కో జాకెట్టు అనే పట్టింపు ఈ ఏడాదికి వదిలేయండి. ఒకటి నలుపు, ఒకటి కలంకారీ ప్రింటు కుట్టిస్తే మీ దగ్గరున్న సాదా చీరల్లో సగానికి అవే సరిపోతాయి. జాకెట్టు ముక్క మామూలుగా 80 సెంటీమీటర్లు ఉంటుంది. మీరు మీటరు తీసుకోండి. కుట్టక ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేసి ఇవ్వండి. లేకపోతే మొదటి ఉతుక్కే కాటన్ కుదించుకుపోయి మళ్లీ మొదటికొస్తుంది. లైనింగు బట్టా అంతే. పక్కల్లో అంగుళంన్నర బట్ట విడిచి కుట్టమనండి. హుక్సు ముందువైపే ఉండాలి. ఇప్పుడు అందరూ కుట్టించుకుంటున్న బోటు నెక్కు, వెనక హుక్సు జాకెట్లతో పాలు పిండుకోవడం అసాధ్యం. వీపు మీద ముడివేసే తాళ్లు కూడా బాబు చేతికే చిక్కుతాయి. గంటస్తంభం చుట్టుపక్కల బట్టల కొట్లలో టూ బై టూ రూబియా ముక్కల్లో రంగులు చూసుకోండి. పొద్దున్న పూట వెళ్తే పగటి వెలుగులో నలుపేదో, ముదురు నీలమేదో తెలుస్తుంది.

పాలు కారి తడవడం గురించి మొహమాటపడుతూ రాశారు. కౌంటర్లో కూర్చున్న మనిషికి అదేమీ చిన్న విషయం కాదు. బట్ట ఎంపికతోనే సగం తీరుతుంది. తడిని ఎక్కువగా బయటపెట్టేవి బూడిదరంగు, లేత నీలం, గులాబీ రంగు సాదా బట్టలు, అందులోనూ క్రేపు, సాటిన్. చిన్న చిన్న పువ్వుల ప్రింటు, ముదురు రంగులు, తెలుపు నలుపు కలిసిన ఇక్కత్ గళ్లు తడిని దాచేస్తాయి. ప్యాడ్లు కొన్నవైనా, ఇంట్లో కుట్టినవైనా పరవాలేదు. ఇంట్లో తాతగారి పాత పొందూరు పంచె మిగిలి ఉంటే దాన్ని మించిన బట్ట లేదు. వాలుగ చేప దవడతో ఏకి, చేత్తో వడికిన నూలు కదా, ఉతికేకొద్దీ మెత్తబడి నీటిని ఇట్టే పీల్చుకుంటుంది. 12 సెంటీమీటర్ల గుండ్రాలు కత్తిరించి, మధ్యలో పాత టర్కీ తువ్వాలు ముక్క ఒక పొర, రెండు వైపులా పంచె బట్ట రెండేసి పొరలు పెట్టి అంచు కుట్టేయండి. రోజుకు నాలుగు జతలు లెక్కన పన్నెండు జతలు. తడిసిన ప్యాడు తడిసినట్టే ఉంచుకుంటే చనుమొనలు ఒరిసి పుండ్లవుతాయి, ఫంగస్ పట్టే వీలుంది. కాబట్టి మార్చడం ముఖ్యం. వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి.

పొందూరు మాట వచ్చింది కాబట్టి: చీపురుపల్లి దాటితే అదే రైలు దారిలో ఉన్న ఊరు కదా అని ఇప్పుడు ఖద్దరు చీర కొనకండి. అందం గురించి రెండో మాట లేదు. గంజి పెట్టడం, నీడలో ఆరేయడం, ఇస్త్రీ చేయడం ఐదున్నర నెలల పిల్లాడున్న ఇంట్లో కుదిరే పని కాదు. పైగా లేత రంగు సన్న ఖద్దరు తడిస్తే లోపలిదంతా కనబడుతుంది. ఉన్నవుంటే తీరికున్న రోజు కట్టుకోండి.

రోజూ కట్టడానికి పలచని మంగళగిరి కాటన్, ప్రింటు జార్జెట్, కాటన్ సిల్కు కలిపినవి తేలిక. వాటినైనా పొద్దున్నే బాబుని చంకలో వేసుకుని కుచ్చిళ్లు పోయలేరు. ఆదివారం రాత్రి మూడు చీరలకి పమిట మడతలు ముందే పెట్టేయండి. పమిట చెంగు నుంచి మొదలుపెట్టి నాలుగు లేదా ఐదు వేళ్ల వెడల్పున మడతలు పేర్చి, భుజం దగ్గర ఒకటి, దానికి జానెడు కింద ఒకటి బట్టల క్లిప్పు పెట్టి ఇస్త్రీ చేయండి. అలాగే హేంగరుకి వేలాడదీయండి. పొద్దున్న ఆ క్లిప్పు తీసి భుజాన పిన్ను పెట్టుకోవడమే. ఆ పిన్ను కూడా ఇంట్లో పెట్టుకోవద్దు. బాబుని చివరిసారి ఎత్తుకుని దించాక, గుమ్మం దగ్గర పెట్టుకోండి. తెరుచుకున్న పిన్నుసూది మీ భుజాన, వాడి బుగ్గ దాని మీద – ఈ రెండూ ఒకచోట ఉండకూడదు. పాలు పట్టడం, కక్కుకోవడం, మళ్లీ తుడవడం అన్నీ నైటీలో ఉండగానే ముగించి, చీర అన్నిటికన్నా చివర కట్టుకోండి.

లంగా బొందు సన్న తాడు కాకుండా అంగుళం వెడల్పున్న కాటన్ పట్టీ వేయించండి. సన్న తాడు ఈ ఎండలకి, చెమటకి నడుం చుట్టూ కోసి నల్లగా దద్దుకడుతుంది. సిజేరియన్ కోత అడ్డంగా, పొత్తికడుపు అడుగున ఉంటే బొందు దానికి తగలదు. అక్కడ తగిలేది లెగ్గింగుల ఎలాస్టిక్కే. అందుకే బొడ్డు పైదాకా వచ్చేవి తీసుకోండి. కోత నిలువుగా ఉంటే మాత్రం బొందు సరిగ్గా దాని మీదే పడుతుంది. మచ్చ మీద మెత్తని గుడ్డ మడత పెట్టి, ముడి పక్కకి వచ్చేలా కట్టుకోండి. బాలింతలకు కట్టే నడికట్టును గానీ, చీర కింద వేసుకునే బిగుతు షేప్‌వేర్‌ను గానీ గంట బస్సులో, ఎనిమిది గంటలు కుర్చీలో వేసుకుని కూర్చోవద్దు. పొట్ట కండరాలు మధ్యలో విడిపోయి ఉంటే వాటిని దగ్గరికి తెచ్చేది వ్యాయామం. బెల్టుతో అది జరగదు, బెల్టు పొట్టను కాసేపు దాచగలదు, అంతే.

చుడీదార్లకు పెద్ద కథ లేదు. ముందు గుండీలు బొడ్డు దాకా ఉండే నేరు కుర్తీలు రెండు కొనుక్కోండి. గుండీలు అలంకారానికి కుట్టేసినవో, నిజంగా తెరుచుకునేవో కొట్లోనే చూడండి, చాలావాటికి కుట్టేసే ఉంటాయి. ఉన్నవాటిలో ప్రిన్సెస్ కట్ కుర్తీలుంటే ఛాతీ మీద నిలువు కుట్టు విప్పి, ఎనిమిది అంగుళాల కనబడని జిప్పు రెండు వైపులా వేయించవచ్చు. మామూలు కుర్తీకి జిప్పు కోసం కొత్తగా కోయించకండి. కోసిన చోట బట్ట లాగి ముడత పడుతుంది. కింద ముందు సాపుగా, వెనక మాత్రం ఎలాస్టిక్ ఉన్న ప్యాంటు అయితే కూర్చున్నా నిలబడ్డా ఇబ్బంది ఉండదు. రెండున్నర మీటర్ల ముదురు రంగు కాటన్ చున్నీ ఒకటి ఎప్పుడూ దగ్గర ఉండాలి. పాలు పిండుకునేటప్పుడు చాటుకి, తడిస్తే పైన కప్పుకోవడానికి, బస్సులో చలిగాలికి అన్నిటికీ అదే.

మీరు పొద్దున్న ఎనిమిదికి బయల్దేరి రాత్రి ఏడుకి ఇల్లు చేరితే పదకొండు గంటలు. మధ్యలో మూడు నాలుగు గంటలకోసారి పాలు తీయకపోతే ఏ ప్యాడూ ఆపలేదు, గడ్డలు కూడా కడతాయి. బిడ్డకి 15 నెలలు నిండేదాకా రోజుకు రెండు పాల విరామాలు చట్టం ఇచ్చిన హక్కు. చేరిన మొదటి రోజే మేనేజరుతో మాట్లాడి, రికార్డు గదో, లాకర్ల పక్క గదో, లోపల గడియ ఉన్న చోటు ఒకటి అడగండి. తీసిన పాలను జూన్ ఎండల్లో బల్ల మీద ఉంచకండి. గడ్డకట్టిన ఐసుప్యాకులున్న డబ్బాలో 24 గంటల దాకా ఉంటాయి. ఈ మాట బట్టల జవాబులో ఎందుకంటే, ముందు తెరుచుకోని బట్టలు కొంటే ఆ హక్కు ఉన్నా వాడుకోలేరు.

జుట్టు సంగతికి వద్దాం. పిడికిళ్లతో ఊడుతోందన్నారు. గర్భంతో ఉన్నప్పుడు ఈస్ట్రోజన్ ఎక్కువగా ఉండి, మామూలుగా రోజూ రాలాల్సిన వెంట్రుకలు కూడా రాలకుండా నిలబడిపోతాయి. ఆ నెలల్లో జడ ఒత్తుగా అనిపించడం అందుకే. కాన్పు తర్వాత ఆ హార్మోను పడిపోగానే అవన్నీ ఒక్కసారిగా సెలవు తీసుకుంటాయి. రెండో నెల తర్వాత మొదలై నాలుగో నెల చుట్టుపక్కల బాగా ఎక్కువగా ఉంటుంది. అంటే మీరు ఇప్పుడు సరిగ్గా దాని మధ్యలో ఉన్నారు. బాబు మొదటి పుట్టినరోజు నాటికి చాలామందికి మళ్లీ నిండుకుంటుంది. కుదుళ్లు చావవు. కణతల దగ్గర పొట్టి మొలకలు కనబడుతున్నాయా చూసుకోండి, అవే సాక్ష్యం. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి ఆ మొలకలు జడలో కలవడానికి ఏడాది పైనే పడుతుంది.

ఇప్పుడు కత్తెర మాట. ఊడటం ఆగుతుందని కత్తిరించుకుంటే ఆగదు. ఊడేది కుదురులోంచి, కత్తెర పడేది కొసల మీద. కాబట్టి మీ ఉద్దేశం అదే అయితే అత్తమ్మగారి మాట విన్నందువల్ల మీకు నష్టమేమీ లేదు. పుట్టెంట్రుకలు తొమ్మిదో నెలలోనో, పదకొండో నెలలోనో తీస్తారనుకుంటే మూడు నుంచి ఐదు నెలల్లో తేలిపోయే విషయం. అప్పటికి ఊడటం కూడా తగ్గుముఖం పడుతుంది. అసలు కత్తిరించుకోవడానికి అదే మంచి సమయం. ఎంత జుట్టు మిగిలిందో, ఎక్కడ పలచబడిందో అప్పటికి తెలుస్తుంది. సింహాచలంలో తల్లి తలలో మూడు కత్తెర్లు ఇచ్చే ఆనవాయితీ మీ ఇంట్లో ఉంటే ఆ మర్నాడే పార్లర్‌కి వెళ్లొచ్చు. కానీ నడుం దాకా జుట్టు తలంటుకుని ఆరబెట్టడానికి తీరిక లేకే మీరు అడుగుతుంటే అది వేరే సంగతి. తడిజుట్టు ముడేసుకుని బస్సెక్కితే వాసన వస్తుంది, మాడు మీద చుండ్రు పెరుగుతుంది, తడిలో మెత్తబడ్డ వెంట్రుక తెగుతుంది. ఆ ఇబ్బందిని అత్తమ్మగారికి ఈ మాటల్లోనే చెప్పి చూడండి. ‘ఫ్యాషన్ కోసం’ అని ఆవిడ అనుకుంటున్నారేమో, ‘తల ఆరడం లేదత్తమ్మా, తడిజుట్టుతోనే బస్సెక్కాల్సి వస్తుంది’ అంటే ఆవిడే కొసలు కత్తిరించుకోమనొచ్చు.

ఎప్పుడు కత్తిరించినా ఇలా చెప్పండి. భుజాల దాకా వద్దు. భుజాల పైన ఆగే జుట్టు క్లిప్పుకి అందదు, ముడి పడదు, మన ఉక్కలో మెడకి అంటుకుంటుంది. వీపు మధ్య దాకా, జాకెట్టు హుక్సు వరస దగ్గర ఆగేలా ఉంచండి. కొసలు నేరుగా గానీ, లోతు తక్కువ యు ఆకారంలో గానీ తీయించండి. స్టెప్ కట్, ఎక్కువ లేయర్లు జుట్టు ఒత్తుగా ఉన్నవాళ్లకి. పలచబడ్డ జుట్టుకి అవి చేస్తే కింద నాలుగు పోగులు వేలాడినట్టుంటుంది. నేరు కొస జుట్టు ఒత్తుగా ఉన్నట్టు చూపిస్తుంది. నుదుటి మీద ఫ్రింజ్ అసలు వద్దు. కణతల మొలకలే మీకు కావలసినంత ఫ్రింజ్. ఎన్ని అంగుళాలో నోటితో చెప్పక, అద్దంలో వేలు పెట్టి చూపించండి. గిరజాల జుట్టయితే తడిలో చూపిన చోటుకి ఆరాక ఇంకా పైకి లేస్తుంది, ఆ మేరకు కింద చూపించండి.

స్మూతెనింగ్‌కి మాత్రం ఒప్పుకోకండి. మందు పట్టించి వేడి ఇస్త్రీ పెట్టేటప్పుడు చాలా రకాల్లోంచి ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తుంది, చంటిపిల్లల తల్లి పీల్చాల్సింది కాదది. బలహీనంగా ఉన్న వెంట్రుక తెగుతుంది. ఈ రెండూ లేవనుకున్నా మూడోది ఉంది: ఇప్పుడు మొలుస్తున్న కొత్త జుట్టు మీ సహజమైన తీరులోనే వస్తుంది. పాతది సూదుల్లా నేరుగా, కొత్తది వంకరగా. నాలుగు నెలల తర్వాత నెత్తి మీద పిచ్చుక గూడు పెట్టినట్టు ఉంటుంది, దాన్ని సర్దడానికి మళ్లీ పార్లర్.

ఈలోగా డ్యూటీకి తల ఎలా వేసుకోవాలి? మెడ మీదుగా, కిందకి వదులు ముడి. జుట్టంతా వెనక్కి తీసి రెండు మెలికలు తిప్పి చుట్టి, గుడ్డ తొడుగున్న రబ్బరు బ్యాండు ఒక్క చుట్టు, నాలుగు యు పిన్నులు. రెండు నిమిషాల పని. లేదంటే పెద్ద క్లచ్చర్. క్లచ్చరు పళ్లు ఒకేచోట లాగకుండా రోజూ కొంచెం పైకీ కిందకీ మార్చండి. నెత్తి మీద బిగించిన పోనీటెయిల్, నుదురు సాగేలా దువ్విన జడ కణతల దగ్గర ఉన్న కొద్ది జుట్టునీ లాగేస్తాయి. లాగుడు వల్ల ఊడిన జుట్టు కాన్పు తర్వాత ఊడినదానిలా దానంతటదే తిరిగి రాదు, ఏళ్ల తరబడి లాగితే శాశ్వతంగానూ పోవచ్చు. అందుకే సవరం పెట్టొద్దు, పలచటి జడకి సవరం బరువు కుదుళ్లే మోయాలి. పెళ్లికో పేరంటానికో మూర మల్లెపూలు పెట్టుకుంటే పెట్టుకోండి, రోజూ కాదు.

పాపిడి నడిమి నుంచి తీస్తే రెండు కణతలూ బయటపడతాయి. కనుబొమ్మ మధ్యకి ఎదురుగా, పక్క పాపిడి తీయండి. పాపిడిని గీత గీసినట్టు కాకుండా దువ్వెన కొసతో కొంచెం వంకరటింకరగా తీస్తే మాడు తెల్లగా మెరవదు. కనబడే చోట ముదురు గోధుమరంగు ఐషాడో పొడిని చిన్న కుంచెతో అద్దండి. కాటుక అద్దకండి, చెమటకి కరిగి చెవిదాకా దిగుతుంది. నిగిడి నిలబడే మొలకలకి కందిగింజంత కలబంద జెల్ పాత టూత్‌బ్రష్ మీద వేసి పక్కకి దువ్వండి. నూనె రాస్తే జుట్టు మాడుకి అంటుకుపోయి పలచదనం ఇంకా కనబడుతుంది. నూనె తలంటుకి ముందు రాత్రి చాలు. తలంటు వారానికి రెండు, అదీ సాయంత్రం పూట. చిక్కు వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి పైకి తీయండి.

ఒక జాగ్రత్త జుట్టు కన్నా ముఖ్యం. రాలిన మీ వెంట్రుక బాబు కాలి వేలికో, చేతి వేలికో చుట్టుకుని బిగుసుకుపోతే రక్తం ఆడక వేలు వాచిపోతుంది. పిల్లాడు కారణం తెలియకుండా గుక్కపట్టి ఏడిస్తే సాక్సు విప్పి వేళ్లు చూడండి. వెంట్రుక లోతుగా దిగి చేతికి రాకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రోజూ స్నానం చేయించేటప్పుడు వేళ్ల సందులు చూడటం అలవాటు చేసుకోండి.

గుండ్రంగా రూపాయి బిళ్లంత చోట్ల జుట్టు పూర్తిగా పోతున్నా, ఏడాది దాటినా ఊడటం తగ్గకపోయినా, దాంతో పాటు విపరీతమైన నీరసం, గుండెదడ, మెడ దగ్గర వాపు ఉన్నా డాక్టరుకు చూపించండి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్) పరీక్షలు చేయిస్తారు. కాన్పు తర్వాత ఇనుము తక్కువవడం, థైరాయిడ్ తేడా రావడం రెండూ మామూలే. జుట్టుకని బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పండి. అవి థైరాయిడ్ పరీక్ష ఫలితాన్ని తారుమారు చేస్తాయి, కనీసం రెండు రోజుల ముందు ఆపమంటారు. మినాక్సిడిల్ లాంటివి పాలిచ్చే రోజుల్లో సొంతంగా మొదలుపెట్టొద్దు.

ఎనిమిది వేల లెక్క ఇక మీకే తెలుస్తుంది: దాదాపు సగం లోపలి బట్టలకి, ప్యాడ్లకి. తర్వాతి వంతు దర్జీకి, రెండు జాకెట్టు ముక్కలకి. మిగిలింది రెండు కుర్తీలకి, ఒక ప్యాంటుకి. మొత్తం ఖర్చయ్యే లోపు చెప్పులు ఒకసారి తొడిగి చూసుకోండి. గర్భంతో ఉన్నప్పుడు పాదం వంపు సాగి, కొందరికి అర సైజు పెరిగి అలాగే ఉండిపోతుంది. పాత ఆఫీసు చెప్పులు బొటనవేలి పక్కన ఒత్తుతుంటే అవి సాగుతాయని చూడకండి, ఆ డబ్బులోంచే కొత్తవి తీసుకోండి. సాయంత్రం పూట, పాదాలు కొంచెం ఉబ్బి ఉన్నప్పుడు వెళ్లి, మడమ దగ్గర పట్టీ ఉన్నవి చూడండి. ఒక చేత్తో ఐసుడబ్బా, ఇంకో చేత్తో కుచ్చిళ్లు పట్టుకుని బస్సు మెట్లెక్కేటప్పుడు జారే చెప్పులు ప్రమాదం.

బ్యాంకులో మీ సొరుగులో ఒక కుర్తీ, రెండు జతల ప్యాడ్లు, తడివి వేసుకోవడానికి జిప్పు కవరు, నాలుగు యు పిన్నులు, ఒక దువ్వెన చేరిన రోజే పెట్టేయండి. నల్లపూసలు పొట్టివి వేసుకోండి. పొడుగువి వాడి గుప్పిట్లో తెగితే పూసలు ముందు వెళ్లేది నోట్లోకే. స్టిక్కరు బొట్టు ఇంటికి రాగానే తీసి అద్దానికి అంటించి, ఆ తర్వాతే బాబుని ఎత్తుకోండి.